కీళ్లవాతం అదుపులోకి వచ్చిందా? రోగి నింపే ఫారంతో రెమిషన్ కొలవడం ఎలా

రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగుల్ని చూసే డాక్టర్లు, నర్సులు తరచూ అడిగే ప్రశ్న ఇది: "ఓపీలో రద్దీ. ఒక్కొక్కరికీ 28 కీళ్లు పట్టి చూసి లెక్క రాసే టైమ్ దొరకదు. రక్త పరీక్ష రిపోర్టు వచ్చేసరికి రోగి వెళ్లిపోయి ఉంటారు. మరి జబ్బు రెమిషన్‌లో ఉందని దేన్ని చూసి చెప్పాలి?" రోగులు ఇదే సంగతి ఇంకోలా అడుగుతారు: "నొప్పి తగ్గింది కదా, ఇక మందులు తగ్గించుకోవచ్చా?"

రెండింటికీ పనికొచ్చే పద్ధతి ఒకటుంది. రోగి నింపే ఫారంతో మొదలుపెట్టండి, స్కోరు వేయండి, ఆ తర్వాత కీళ్ల వాపు చూడండి. స్కోరు ఒక్కటే చూసి "రెమిషన్" అని రాసేయడం ఎంత తప్పో, స్కోరు లేకుండా "బాగానే ఉన్నారు" అని రాయడం కూడా అంతే తప్పు. "బాగానే ఉన్నారు" అన్న మాటను ఆరు నెలల తర్వాత దేనితో పోల్చి చూస్తారు?

ఒక్క విషయం ముందే అనుకుందాం. రెమిషన్ అంటే జబ్బు నయమైపోయిందని కాదు. మందులు వాడుతూనే ఉన్నా వాపు, నొప్పి, బిగుతు దాదాపు లేని స్థితికి జబ్బు చల్లబడిందని. పైకి ప్రశాంతంగా కనిపిస్తూ లోపల కొద్దిపాటి వాపు మిగిలినా ఎముక అరుగుతూనే ఉండొచ్చు. అందుకే "కాస్త తగ్గింది" దగ్గర ఆగకుండా రెమిషన్ దాకా వెళ్లాలంటారు. అది కుదరని వాళ్లలో, ముఖ్యంగా చాలా ఏళ్లుగా జబ్బు ఉన్నవాళ్లలో, జబ్బు తీవ్రత తక్కువ స్థాయికి వచ్చినా లక్ష్యం అందినట్టే.

ఏ ఫారం వాడాలి

అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019లో రోజువారీ వైద్యంలో వాడటానికి ఐదు కొలతల్ని సిఫారసు చేసింది. వాటిలో డాస్-28, ఎస్‌డీఏఐ, సీడీఏఐ మూడింటికీ డాక్టరు కీళ్లు లెక్కపెట్టాలి. మొదటి రెండింటికి రక్త పరీక్ష కూడా కావాలి. మిగతా రెండూ, అంటే రాపిడ్-3, పాస్-2, పూర్తిగా రోగి నింపేవే. ఈ వ్యాసంలో రాపిడ్-3 గురించే చెబుతాను. లెక్క సులువు, చేతితో పది సెకన్లలో అయిపోతుంది, ఒకసారి నేర్పితే రిసెప్షన్‌లో ఉన్నవాళ్లు కూడా వేయగలరు.

రాపిడ్-3కి కావలసిన ప్రశ్నలు ఎండీహెచ్‌ఏక్యూ అనే ఫారంలో ఉంటాయి. థియోడర్ పింకస్ బృందం తయారు చేసిన ఫారం ఇది. ఇందులోంచి మూడు సంగతులే స్కోరులోకి వస్తాయి: రోజువారీ పనులు, నొప్పి, మొత్తంగా ఎలా ఉన్నారు అన్న రోగి అంచనా.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- రోగి చదవగలిగే భాషలో అచ్చువేసిన ఎండీహెచ్‌ఏక్యూ ఫారాలు. పరీక్షించి ఆమోదించిన అనువాదమే వాడండి. ఎవరికి వారు అప్పటికప్పుడు మాటలు మార్చి రాసుకుంటే స్కోరు హద్దులు వర్తించవు.
- పెన్ను, ఫారం కింద పెట్టుకోవడానికి గట్టి అట్ట. చేతివేళ్లు నొప్పిగా ఉన్నవాళ్లకు లావుపాటి పెన్ను తేలిక.
- ప్రతి రోగి ఫైలులో ఒక పట్టిక: తేదీ, పనుల స్కోరు, నొప్పి, రోగి అంచనా, మొత్తం, వాపున్న కీళ్లు, వాడుతున్న మందులు.
- ఫారం ఇచ్చే బాధ్యత ఒక మనిషికి అప్పజెప్పండి. "ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు ఇస్తారు" అనుకుంటే రెండో వారానికే ఆగిపోతుంది.

కాగితం బదులు ట్యాబ్‌లో గానీ ఫోన్‌లో గానీ నింపించవచ్చు. లెక్క అదే వేస్తుంది, ఖాళీలు వదిలితే హెచ్చరిస్తుంది. కానీ తెర మీద వేలు కదపడం కష్టమయ్యే రోగులు ఉంటారు. వాళ్ల కోసం కాగితం ఎప్పుడూ పక్కన ఉంచండి.

1. డాక్టరును కలవకముందే, ప్రతిసారీ, అందరికీ ఇవ్వండి

రోగి రాగానే, వెయిటింగ్ హాల్లో కూర్చున్నప్పుడే ఫారం చేతికివ్వండి. ఎలాగూ ఎదురుచూడాల్సిన సమయం అది. డాక్టరుతో మాట్లాడి బయటికొచ్చాక నింపిస్తే జవాబులు మారిపోతాయి. "మీకు బాగా తగ్గింది" అని డాక్టరు నోటి నుంచి విన్న మనిషి నొప్పి కాస్త తక్కువే రాస్తారు. కొత్త మందు అన్న మాట విని టెన్షన్‌లో ఉన్నవాళ్లు ఎక్కువ రాస్తారు.

"ఈయనకు బాగానే ఉందిగా, ఈసారి వద్దులే" అని వదలకండి. బాగున్న రోజున రాసిన స్కోరే రేపు బాగోలేని రోజున ఆధారం. రెమిషన్‌ను కొలవడమంటే ఎక్కువగా బాగున్నవాళ్లను కొలవడమే కదా.

2. ఏం రాయాలో ఒక్క నిమిషం చెప్పండి

ఈ మూడు మాటలు చాలు:

పనులు, నొప్పి గత వారం రోజుల గురించి రాయండి. ఈ రోజు గురించి కాదు, ఆర్నెల్ల కిందటి సంగతి కాదు. మొత్తంగా ఎలా ఉన్నారన్నది మాత్రం ఇప్పటి పరిస్థితి గురించి.

పనుల ప్రశ్నలు పది. బట్టలు వేసుకోవడం, మంచం ఎక్కి దిగడం, నిండు గ్లాసు నోటిదాకా ఎత్తడం, చదునైన నేల మీద నడవడం, ఒళ్లంతా కడుక్కుని తుడుచుకోవడం, కింద పడ్డ బట్ట వంగి తీయడం, కుళాయి తిప్పడం, బస్సో కారో ఎక్కి దిగడం, మూడు కిలోమీటర్లు నడవడం, ఇష్టమైన ఆటల్లో కాలక్షేపాల్లో పాల్గొనడం. ఒక్కోదానికి ఇబ్బంది లేకపోతే 0, కొంచెం ఇబ్బంది అయితే 1, చాలా ఇబ్బంది అయితే 2, చేయలేకపోతే 3.

నొప్పికి, మొత్తం పరిస్థితికి చెరో వరస గుండ్రాలు ఉంటాయి. 0 నుంచి 10 దాకా అరపాయింటు చొప్పున 21 గుండ్రాలు. ఒక్కదాన్నే నింపాలి. 0 వైపు మంచి, 10 వైపు చెడు.

చివరి మాట తప్పకుండా చెప్పండి. పదికి పది అంటే మంచి మార్కులనుకునే రోగులు ఉంటారు. నవ్వుతూ, చకచకా నడిచి వచ్చిన మనిషి ఫారంలో 9.5 కనిపిస్తే, జబ్బు ముదిరిందని కంగారు పడేముందు అటూ ఇటూ తారుమారైందేమో అడగండి.

ఆటలు, మూడు కిలోమీటర్ల నడక దగ్గర చాలామంది ఆగిపోతారు. "నేను అంత దూరం నడవను కదా" అంటారు. నడవాలనుకుంటే నడవగలరా అన్నదే ప్రశ్న అని చెప్పండి. అలవాటు లేదు కాబట్టి "చేయలేను" అని 3 పెట్టేస్తే ఒక్క ప్రశ్నకే స్కోరు ఒక పాయింటు పెరిగిపోతుంది.

3. సాయం చేయండి, జవాబు మాత్రం చెప్పకండి

చదవలేనివాళ్లకు, కళ్లు సరిగా కనబడనివాళ్లకు ప్రశ్న యథాతథంగా చదివి వినిపించండి, వాళ్లు చెప్పింది గుర్తు పెట్టండి. "కొంచెమే కదా నొప్పి?" అని అడగకండి. అలా అడిగితే ఎవరైనా అవుననే అంటారు.

వెంట వచ్చినవాళ్లు పెన్ను తీసుకుని వాళ్లే నింపేయడం మామూలే. ప్రేమతోనే చేస్తారు. కానీ పక్కనుండి చూసేవాళ్లు నొప్పిని తక్కువగానో ఎక్కువగానో అంచనా వేస్తారు. "ఇది ఆవిడే చెప్పాలి, మీరు రాసిపెడితే చాలు" అని మర్యాదగా చెప్పండి. చదివి వినిపించి నింపిన ఫారం మీద ఆ సంగతి రాసిపెట్టుకోండి. తర్వాతిసారీ అదే పద్ధతిలో నింపించండి.

4. రోగి ముందే ఖాళీలు చూడండి

ఫారం తీసుకునేటప్పుడు పది ప్రశ్నలకూ గుర్తులున్నాయా, రెండు వరసల్లోనూ ఒక్కొక్కటే నింపారా అని చూపు వేయండి. ఖాళీ ఉంటే అక్కడికక్కడే అడిగి పూర్తి చేయించండి. ఖాళీని 0గా లెక్కపెట్టడం అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు. జవాబివ్వని ప్రశ్న ఇబ్బంది లేని ప్రశ్న అయిపోతుంది, రోగి అప్పనంగా రెమిషన్‌లోకి వచ్చేస్తారు.

పది పనుల కింద నిద్ర, ఆందోళన, దిగులు గురించి మూడు ప్రశ్నలుంటాయి. అవి స్కోరులో కలపకూడదు. అలాగని చదవకుండా వదలొద్దు. 8వ అంచెలో వాటితో పని ఉంది.

5. స్కోరు వేయండి

పది పనుల అంకెలు కూడండి. మొత్తం 0 నుంచి 30 మధ్య వస్తుంది. దాన్ని 3తో భాగించండి. ఇప్పుడది 0 నుంచి 10 మధ్యకు వస్తుంది. దానికి నొప్పి అంకె, రోగి అంచనా అంకె కలపండి. అంతే, 0 నుంచి 30 దాకా ఉండే రాపిడ్-3 వచ్చేసింది.

ఒక ఫారం దగ్గరగా చూద్దాం. బట్టలు వేసుకోవడం 1, కుళాయి తిప్పడం 1, మూడు కిలోమీటర్ల నడక 1, ఆటలు 1, మిగతా ఆరూ 0. మొత్తం 4. మూడుతో భాగిస్తే 1.3. నొప్పి 1.0, రోగి అంచనా 0.5. కలిపితే 2.8.

ఇదే ఫారానికి భాగించడం మర్చిపోతే 4, 1, 0.5 కలిసి 5.5 అవుతుంది. రెమిషన్‌లో ఉన్న మనిషి ఒక మెట్టు పైకి ఎక్కేస్తారు. కొత్తగా లెక్క వేస్తున్నవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. ఫారం మూలలో చిన్న పట్టిక అంటించుకోండి: 1కి 0.3, 2కి 0.7, 3కి 1.0, 4కి 1.3, 5కి 1.7, 6కి 2.0, ఇలా 30 దాకా. భాగించే పనే ఉండదు.

6. ఏ వర్గమో చూడండి

- 0 నుంచి 3.0 దాకా: రెమిషన్
- 3.1 నుంచి 6.0 దాకా: తీవ్రత తక్కువ
- 6.1 నుంచి 12.0 దాకా: మధ్యస్థం
- 12 దాటితే: తీవ్రం

కొన్నిచోట్ల ఈ మొత్తాన్ని మళ్లీ 3తో భాగించి 0 నుంచి 10 కొలతలో రాస్తారు. అప్పుడు రెమిషన్ హద్దు 1.0 అవుతుంది. ఫైలులో "రాపిడ్-3: 2.5" అని ఒంటరిగా ఉంటే ముప్పైకి అయితే రెమిషన్, పదికి అయితే మధ్యస్థం. కాబట్టి "2.5/30" అని ఎప్పుడూ కింద అంకెతో సహా రాయండి.

7. ఇప్పుడు వాపు చూడండి

ఇది వదిలేసేవాళ్లే ఎక్కువ. ఫారం రోగి అనుభవాన్ని చెబుతుంది, కీలు లోపల జరిగేదాన్ని నేరుగా చూపదు. 3 లోపు స్కోరు వచ్చినవాళ్లలో కూడా వాపు మిగిలి ఉండొచ్చు. ఫ్రాన్స్‌లో ఎస్పోయిర్ పేరుతో తొలిదశ ఆర్థరైటిస్ రోగుల్ని ఏళ్ల తరబడి గమనించారు. ఆ సమాచారం మీద 2013లో వచ్చిన పరిశీలన ఒక నిబంధనను ముందుకు తెచ్చింది: రాపిడ్-3 మూడు లోపు ఉండాలి, వాపున్న కీలు ఒకటికి మించకూడదు. రక్త పరీక్ష అక్కర్లేకుండా, నొప్పి కీళ్ల లెక్క లేకుండా రెమిషన్‌ను గుర్తించడానికి రోజువారీ ఓపీలో ఇంతకంటే ఆచరణకు వీలైన నిబంధన నాకు కనిపించలేదు.

ఎక్కడ చూడాలి? భుజాలు, మోచేతులు, మణికట్లు, మోకాళ్లు రెండేసి. రెండు చేతుల్లో వేళ్ల మొదటి కణుపులు పది, మధ్య కణుపులు బొటనవేళ్ల కీళ్లతో కలిపి పది. మొత్తం 28.

ఎలా చూడాలి? ముందు పిడికిలి బిగించమనండి. కణుపుల మధ్య పల్లాలు స్పష్టంగా కనిపించాలి. ఒకచోట పల్లం పూడిపోయి రెండు కణుపులూ కలిసిపోయినట్టుంటే అక్కడ వాపు ఉన్నట్టు అనుమానించండి. తర్వాత చేయి వదులుగా పెట్టించి, మీ రెండు చేతుల వేళ్లతో ఆ కీలును అటూ ఇటూ పట్టుకుని మెల్లగా నొక్కండి. లోపల మెత్తగా, నొక్కితే పక్కకు జరిగేలా తగిలితే అది కీలుపొర వాపు. రాయిలా గట్టిగా తగిలితే అది ఎముక పెరుగుదల. గోటి పక్కన ఉండే చివరి కణుపుల్లో గట్టి బుడిపెలు సాధారణంగా అరుగుదల వల్ల వచ్చేవి, వాటిని లెక్కలో కలపకండి.

28 కీళ్ల లెక్కలో చీలమండలు, పాదాలు లేవు. అయినా చెప్పులు విప్పించండి. పాదం ముందుభాగాన్ని అడ్డంగా పట్టుకుని మెల్లగా ఒత్తితే ముఖం చిట్లిస్తారేమో చూడండి. చేతులు చల్లబడ్డాక కూడా పాదాల్లో జబ్బు సాగుతూ ఉండే రోగులు ఉంటారు. లెక్కలోకి రాకపోయినా ఫైలులో రాయండి.

8. స్కోరూ వాపూ చెరో మాట చెబితే

రెండూ కలిసిన చోట చెప్పడానికి పెద్దగా లేదు. స్కోరు 3 లోపు, వాపు లేదు: రెమిషన్. స్కోరు 14, ఆరు కీళ్లు వాచాయి: జబ్బు చురుగ్గా ఉంది, మందు మార్చాలి. చిక్కంతా మధ్యలోనే.

*స్కోరు ఎక్కువ, వాపు లేదు.* దీనికి కారణాలు చాలా ఉంటాయి, ఒక్కొక్కటే వెతకాలి. మొదటిది పాత నష్టం. పదిహేనేళ్ల జబ్బుతో వేళ్లు వంకర పోయిన మనిషికి పనుల మొత్తం 12 వచ్చిందనుకోండి. అదొక్కటే 4.0. నొప్పి 0, రోగి అంచనా 0 అయినా వాళ్లు లెక్క ప్రకారం ఎప్పటికీ రెమిషన్‌కు రారు. ఇలాంటివాళ్లకు 3 అనే హద్దు పట్టుకుని మందులు పెంచుకుంటూ పోవడం అన్యాయం. వాళ్ల నొప్పి అంకె, వాపు, గతసారి స్కోరుతో తేడా చూడండి.

రెండోది అరుగుదల. మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లకు నడక, వంగడం, బస్సు ఎక్కడం మూడూ కష్టమే, నొప్పీ ఉంటుంది. మూడోది ఫైబ్రోమయాల్జియా. ఒళ్లంతా నొప్పి, నిద్రపట్టకపోవడం, లేచాక కూడా తీరని అలసట, ఎక్కడ నొక్కినా నొప్పి, కానీ వాపు ఎక్కడా ఉండదు. నాలుగోది దిగులు. నిద్ర, ఆందోళన, దిగులు గురించిన ప్రశ్నలు పక్కన పెట్టాం కదా, ఇప్పుడు వాటిని చదవండి. అక్కడ చాలా ఇబ్బంది ఉందని గుర్తు పెట్టి ఉంటే రోగితో ఆ సంగతి మాట్లాడండి. ఇవేవీ ఆర్థరైటిస్ మందు పెంచితే తగ్గేవి కావు. దేనికి తగిన చికిత్స దానికి కావాలి.

అలాగని వాపు కనిపించలేదు కాబట్టి "ఇది మీ మనసులోనే ఉంది" అనకండి. వేళ్లకు అందని వాపు అల్ట్రాసౌండ్‌లో బయటపడొచ్చు. అనుమానం తీరకపోతే ఆ పరీక్ష చేయించండి.

*స్కోరు తక్కువ, వాపు ఉంది.* నా దృష్టిలో దీనికే ఎక్కువ భయపడాలి. స్కోరు 2.0, మూడు కీళ్లు వాచి ఉన్నాయి అంటే అది రెమిషన్ కాదు. నొప్పిని ఓర్చుకోవడం అలవాటైపోయినవాళ్లు తక్కువ రాస్తారు. మొదట్లో మంచం దిగలేని స్థితి చూసినవాళ్లకు ఇప్పుడున్న నొప్పి లెక్కలోకే రాదు. ఇంకో కారణం స్టెరాయిడ్. రోజూ ప్రెడ్నిసొలోన్ వేసుకుంటున్నా, పోయిన వారం ఇంజెక్షన్ తీసుకున్నా, నొప్పి మాత్రలు రోజుకు రెండుసార్లు మింగుతున్నా స్కోరు దిగుతుంది. అందుకే పట్టికలో మందుల గడి పెట్టమన్నాను. ఆ గడిలో స్టెరాయిడ్ మోతాదు, నొప్పి మాత్రల సంఖ్య తప్పక రాయండి.

9. వేరే కొలతతో అప్పుడప్పుడు సరిచూసుకోండి

ప్రతిసారీ అక్కర్లేదు. మొదటిసారి రెమిషన్ అని రాసేటప్పుడు, మందులు తగ్గించాలనుకునేటప్పుడు తప్పకుండా చేయండి.

సీడీఏఐ: నొప్పి ఉన్న కీళ్లు, వాపున్న కీళ్లు, రోగి అంచనా, డాక్టరు అంచనా నాలుగూ కూడండి. 2.8 లోపు ఉంటే రెమిషన్. రక్త పరీక్ష అక్కర్లేదు.

బూలియన్ నిబంధన: నొప్పి కీళ్లు ఒకటికి మించకూడదు, వాపు కీళ్లు ఒకటికి మించకూడదు, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్త పరీక్ష) డెసిలీటరుకు 1 మిల్లీగ్రాముకు మించకూడదు, రోగి అంచనా 2కు మించకూడదు. నాలుగూ ఒకేసారి నెగ్గాలి. రోగి అంచనా హద్దు 2011లో 1 ఉండేది. వాపు, సీఆర్‌పీ అన్నీ బాగున్నా ఆ ఒక్క గడి దగ్గరే ఆగిపోతున్నవాళ్లు ఎక్కువగా ఉండటంతో 2022లో 2కు సడలించారు. మీ గోడ మీద అంటించిన పాత చార్టులో 1 ఉంటే మార్చేయండి.

ఇక్కడ యూనిట్ల దగ్గర జాగ్రత్త. చాలా ల్యాబులు సీఆర్‌పీని లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి. రిపోర్టులో లీటరుకు 8 అంటే డెసిలీటరుకు 0.8. అది నెగ్గినట్టే. యూనిట్ చూడకుండా 8 అనుకుంటే రోగిని అనవసరంగా తప్పించేస్తారు. ఇంకోటి, టోసిలిజుమాబ్ లాంటి మందులు వాడేవాళ్లలో కీళ్ల పరిస్థితి ఎలా ఉన్నా సీఆర్‌పీ పడిపోతుంది. వాళ్లకు ఆ అంకె మీద భరోసా పెట్టుకోకండి, వాపే చూడండి.

రాపిడ్-3, బూలియన్ ఒక్కోసారి ఒప్పుకోవు. పనులు 0, నొప్పి 0.5, రోగి అంచనా 2.5 అయితే రాపిడ్-3 మొత్తం 3.0, రెమిషన్. బూలియన్‌లో రోగి అంచనా 2 దాటింది కాబట్టి కాదు. ఇలాంటప్పుడు ఆ 2.5 ఎందుకు పెట్టారో రోగినే అడగండి. "నడుము నొప్పండీ" అంటే ఒక దారి, "పొద్దున్నే చేతులు గంటసేపు బిగుసుకుంటున్నాయి" అంటే ఇంకో దారి.

10. రాసిపెట్టండి, మళ్లీ కొలవండి

ఒక్కసారి వచ్చిన స్కోరుతో ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. జబ్బు చురుగ్గా ఉన్నప్పుడు నెల నుంచి మూడు నెలలకోసారి చూడాలి. చికిత్స మొదలైన మూడు నెలలకు మెరుగు కనిపించకపోయినా, ఆరు నెలలకు లక్ష్యం అందకపోయినా మందు మార్చే సంగతి ఆలోచించాలి. రెమిషన్ నిలకడగా ఉన్నవాళ్లను ఆరు నెలలకోసారి కొలిస్తే సరిపోతుంది.

మందులు తగ్గించే మాట ఎప్పుడు? అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2021 మార్గదర్శకాల ప్రకారం కనీసం ఆరు నెలలు లక్ష్యంలో నిలిచాకే. అప్పుడు కూడా ఉన్న మందులు అలాగే కొనసాగించడానికే మొగ్గు. తగ్గించాలనుకుంటే మోతాదు కొంచెం కొంచెంగా, ఒక్కసారిగా ఆపకుండా. మోతాదు దించాక తర్వాతి ఫారం తొందరగా నింపించండి.

పట్టికలో మొత్తం స్కోరు ఒక్కటే కాకుండా మూడు భాగాలూ విడిగా రాయమన్నది ఊరికే కాదు. గతసారి 2.5, ఈసారి 5.5 అయితే ఆ మూడు పాయింట్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియాలి. మూడూ నొప్పి గడిలోనే పెరిగితే, పనులు అలాగే ఉంటే, ఈ వారం ఏదైనా దెబ్బ తగిలిందా, జలుబు జ్వరం వచ్చిందా అని ముందు అడగండి. మూడు గడులూ కొంచెం కొంచెం పెరిగి, పిడికిలి బిగించినప్పుడు పల్లాలు పూడిపోతే జబ్బు తిరగబెడుతోందని.

మీ లెక్క సరిగా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి

నెలకోసారి పది ఫారాలు యాదృచ్ఛికంగా తీసి, స్కోరు కనబడకుండా మూసి, ఇంకొకరి చేత మళ్లీ వేయించండి. తేడా వచ్చిన ప్రతి ఫారంలో కారణం వెతకండి. భాగించలేదా, ఖాళీని 0 చేశారా, నిద్ర ప్రశ్నలు కలిపేశారా? ఆ మూడే ఎక్కువగా దొరుకుతాయి.

వాపు విషయంలో ఇద్దరు డాక్టర్లు ఒకే రోగిని విడివిడిగా చూసి, తర్వాత పోల్చుకోండి. ఒకరికి 0, ఇంకొకరికి 4 వస్తే ఇద్దరూ కలిసి ఆ కీళ్ల మీద చేయి వేసి చూడాలి. మొదట్లో ఇలా తేడాలు రావడం సహజమే, కలిసి చూస్తూ ఉంటే తగ్గుతాయి.

ఇంకో పరీక్ష: ఒక నెల ఫారాల్లో చాలావరకు పది పనుల గుర్తులన్నీ ఒకే నిలువు వరసలో కిందికి దిగిపోయి ఉంటే, చదవకుండా గీత గీసినట్టు నింపుతున్నారేమో అని అనుమానించండి. బహుశా ఫారం హడావిడిగా ఇస్తున్నారు, లేదా రోగికి అర్థం కాని భాషలో ఇస్తున్నారు. లేకపోతే నింపించి డాక్టరు ఒక్కసారైనా దాన్ని చూడటం లేదు. ఈ మూడోది రోగులు తొందరగా కనిపెడతారు. ఫారం చేత్తో పట్టుకుని, "పోయినసారి కుళాయి తిప్పడం కష్టమన్నారు, ఇప్పుడు 0 పెట్టారే!" అని ఒక్క మాట అనండి. తర్వాతిసారి నుంచి ఆ ఫారం జాగ్రత్తగా నింపుతారు.

మీరే రోగి అయితే

ఫారం ఇవ్వకపోతే అడగండి. వారం ముందు నుంచీ నొప్పి ఎలా ఉందో, పొద్దున బిగుతు ఎంతసేపు ఉందో రెండు ముక్కలు రాసిపెట్టుకుంటే నింపడం తేలిక. డాక్టరును మెప్పించడానికి తక్కువ రాయకండి, మందు ఇస్తారో లేదో అని ఎక్కువా రాయకండి. నొప్పి మాత్ర వేసుకుని వచ్చి ఉంటే ఆ మాట చెప్పండి. ఇంట్లో మీరే స్కోరు వేసుకోవచ్చు, 3 లోపు వస్తే సంతోషించవచ్చు కూడా. అయితే ఆ స్కోరు చూసి మెథోట్రెక్సేట్ గానీ ఇంకే మందు గానీ మీ అంతట మీరు ఆపకండి, వాపు ఎవరూ చూడలేదు కదా. స్కోరు రెండుసార్లు వరసగా పెరిగినా, ఏదైనా కీలు కొత్తగా ఉబ్బినా వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఫోన్ చేసి ముందే వెళ్లండి. ఒక్క కీలే ఎర్రగా వేడెక్కి, జ్వరం కూడా ఉంటే ఫారం పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. అది కీలులో ఇన్‌ఫెక్షన్ కావచ్చు.